మూత్రపిండమును నిలుపు శస్త్రచికిత్స

ఒక గ్రామమున 60 ఏండ్ల రైతునకు కడుపునొప్పి వచ్చినదనుకొందము. పట్టణమునకు పోయి అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొన్నాడు. నొప్పికి కారణము పిత్తాశయములోని రాళ్లని తేలినది. కాని పరీక్ష చేసిన వైద్యుడు కాగితముపై మఱియొక మాట కూడ వ్రాసినాడు: కుడి మూత్రపిండములో 3 సెంటీమీటర్ల గడ్డ కలదు. ఆ గడ్డవలన అతనికి నొప్పి లేదు, జ్వరము లేదు, మూత్రములో మార్పు లేదు. అది యున్నదని అంతవఱకు అతనికి తెలియనే తెలియదు. ఆ రాత్రి ఇంటిల్లిపాదికిని నిద్ర లేదు. మఱునాడు కుమారుడు ఆ కాగితము చేతబట్టుకొని ఊరి పెద్దలయొద్దకు వచ్చును. "ఏమి చేయుమందురు బాబయ్యా?" అని యడుగును.

ఇట్టి సమయమున తఱచుగ వినబడు సమాధానము ఒకటి కలదు. "రెండున్నవి గదా, ఒకటి పోయినను భయము లేదు. పాడైనదానిని మొదలంట తీయించివేయుడు, పీడ వదలును." ఈ మాట తెలియనివారి మాట యని నేననను. సుమారు నూఱేండ్లపాటు గొప్ప శస్త్రవైద్యులును ఇదే చెప్పిరి. కాని నేడు ఆ సమాధానము మారినది. గడ్డ చిన్నదైనప్పుడు, అది యున్నచోటు అనుకూలమైనప్పుడు, గడ్డను దానిచుట్టునున్న పలుచని కండతో మాత్రము కోసివేసి, మిగిలిన మూత్రపిండమును యథాస్థానమున నిలుపవచ్చును. ఆ పని ఎట్లు చేయుదురు, అందువలన కలుగు లాభమెంత, ఎవరికి అది తగదు అను విషయములను మీకు విన్నవించుట నేటి నా ప్రసంగోద్దేశము. కుటుంబమువారు ఒప్పుదల పత్రముపై సంతకము చేయుటకు ముందు మీ మాట కొఱకు చూతురు గనుక, ఇది మీరు తెలిసికొనదగినదని నా తలంపు.

మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, క్రింది ప్రక్కటెముకల చాటున, ప్రేవులకు వెనుక నుండును. ఒక్కొక్కటి చిక్కుడుగింజ ఆకారమున 10, 12 సెంటీమీటర్ల పొడవుగలది. బరువు సుమారు 150 గ్రాములు. ఇంత చిన్న అవయవములకు గుండె పంపు నెత్తురులో ఐదవవంతు పోవుచుండును. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. వీనిని నెఫ్రానులందురు. రెండును కలిసి దినమునకు 180 లీటర్ల నీటిని నెత్తురునుండి వడకట్టి, అందులో పనికివచ్చునదంతయు మఱల నెత్తురునకే చేర్చి, ఒకటిన్నర రెండు లీటర్లను మాత్రము మూత్రముగ విడుచును. నెత్తురుపోటును సరిచూచుట, క్రొత్త నెత్తురు పుట్టుటకు కావలసిన ప్రేరణ నిచ్చుట, ఎముకలకు బలము చేకూర్చుట కూడ వీని పనులే.

ఇందు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి. నెఫ్రానులు పుట్టుకతో ఎన్ని వచ్చునో అన్నియే. చర్మమునకు గాయమైనచో క్రొత్త చర్మము వచ్చును. నెఫ్రాను నశించినచో దాని స్థానమున మఱియొకటి రాదు. ఒక మూత్రపిండమును తీసివేసినచో రెండవది కొంత పెద్దదగును, కొంత ఎక్కువ పని చేయును. కాని అది క్రొత్త జల్లెడలవలన గాదు. ఉన్న జల్లెడలే ఎక్కువ బరువు మోయుటవలన. జోడెడ్ల బండిని ఒక్క ఎద్దు లాగినట్లనుకొనుడు. వయసులోనున్న ఎద్దు, మంచి త్రోవ అయినచో లాగును. వయసు మీఱినదై, కాలికి కుంటు కూడ ఉన్నచో?

ఇక గడ్డ సంగతి. 4 సెంటీమీటర్లకు లోబడినదానిని చిన్న గడ్డ యందురు. అనగా నిమ్మకాయంత, లేక అంతకు చిన్నది. అట్టివానిలో అధికభాగము కేన్సరే, మన పెద్దలు రాచపుండు అని చెప్పుకొను జాతిది. కాని అన్నియు గావు. శస్త్రచికిత్స చేసి తీసిన చిన్న గడ్డలను పరీక్షించి చూడగా, సుమారు ఐదింట ఒకటి హానిలేనిదని తేలుచున్నది. కొన్ని కొవ్వుతో, నెత్తురునాళములతో కూడిన గడ్డలు. కొన్ని తమచోటనే పెరుగుచు ఇతర అవయవములకు ప్రాకనివి. వేఱొక సంగతి: వయసు మీఱినవారి మూత్రపిండములలో నీటిబుడగలు తఱచుగ నుండును. వట్టి నీరు మాత్రమే యున్న పలుచని బుడగ గడ్డ గాదు, దానికి చికిత్సయు అక్కఱలేదు. అల్ట్రాసౌండు కాగితముపై వ్రాసినది బుడగయో గట్టి గడ్డయో మొదట తెలిసికొని, పిమ్మట భయపడవచ్చును. గట్టిదైనచో నరములోనికి మందు ఎక్కించి తీయు సి.టి. స్కాను ఆవశ్యకము. గడ్డ నెత్తురు త్రాగి పెరుగునదా కాదా యన్నది అందు తెలియును.

పూర్వకాలమున ఈ వ్యాధి మూడు గుర్తులతో బయటపడెడిది: మూత్రములో నెత్తురు, నడుము ప్రక్కన నొప్పి, చేతికి తగులు గడ్డ. ఈ మూడును కనబడునాటికి వ్యాధి ముదిరియుండెడిది. ఇప్పుడు వేఱొక కారణమున చేసిన పరీక్షలో, మన రైతునకు వలె, అనుకోకుండ బయటపడునవే ఎక్కువ. అయినను ఒక హెచ్చరిక చేయక తప్పదు. నొప్పి లేకుండ మూత్రములో ఒక్కమారు నెత్తురు కనబడి, రెండు దినములలో తానే ఆగిపోయినను, వేడిచేసినదని బార్లీనీళ్లు త్రాగి ఊరకుండరాదు.

మొత్తము తీయుట ఎట్లు ఆచారమైనదో చెప్పవలెను. 1869వ సంవత్సరమున జర్మనీదేశమందలి హైడెల్‌బర్గు నగరమున గుస్టావు సైమను అను శస్త్రవైద్యుడు ఒక స్త్రీకి మూత్రపిండమును తొలగించెను. ఆమెకు గడ్డ లేదు. అంతకుముందు జరిగిన శస్త్రచికిత్సలో మూత్రనాళము చెడి, మూత్రము ఎడతెగక కారుచుండెడిది. ఒక మూత్రపిండముతో మనుష్యుడు బ్రతుకునా లేదా యన్నది ఆనాడు ఎవరికిని తెలియదు. సైమను మొదట కుక్కలపై ప్రయోగించి, అవి బ్రతుకుట చూచిన తరువాతనే సాహసించెను. ఆమె కోలుకొన్నది. సైమను మరణించిన పిమ్మట ఆ స్థానమునకు వచ్చిన విన్సెంటు చెర్నీ, 1887లో అదే నగరమున, గడ్డయున్న భాగమును మాత్రము కోసి మిగిలిన మూత్రపిండమును నిలిపెను. మొత్తము తీయుటయు, కొంత తీయుటయు ఒక్క ఊరనే, 18 ఏండ్ల ఎడముతో మొదలైనవి.

అయినను చెర్నీ త్రోవ వెంటనే సాగలేదు. కారణము నెత్తురు. మూత్రపిండమును కోయుట యనగా నిండు చెఱువు గట్టును తెంపుట వంటిది. ఆపుటకు తగిన సాధనములు ఆనాడు లేవు. లోపల గడ్డ ఎంతవఱకు వ్యాపించినదో కోయక ముందు చూచుటకును మార్గము లేదు. పైగా రోగులు వచ్చునప్పటికి గడ్డ కొబ్బరికాయంత యగుచుండెను. 1963లో కెనడాదేశమున టొరంటో నగర వైద్యుడు చార్లెసు రాబ్సను, మూత్రపిండమును, చుట్టునున్న కొవ్వుపొరను, పైనుండు గ్రంథిని, ప్రక్కనున్న లింఫు గ్రంథులను అన్నిటిని కలిపి ఒక్క ముద్దగా తీసివేయవలెనని ప్రకటించెను. ఆ పద్ధతి ఒక తరము వైద్యులకు శాసనమైనది. దానివలన ఎందఱో బ్రతికిరి గనుక దానిని ఆక్షేపింపరాదు. పెద్ద గడ్డలకు మూత్రపిండమును మొత్తము తీయుట నేటికిని సరియైన చికిత్సయే.

మార్పు రెండు ప్రక్కలనుండి వచ్చినది. 1971లో లండను నగరమున మొదటి సి.టి. స్కాను తీయబడినది. ఆ తరువాత అల్ట్రాసౌండు యంత్రములు ఊరూర వ్యాపించినవి. దానితో చిన్న గడ్డలు చిన్నవిగ నుండగనే కనబడసాగినవి. రెండవది, పుట్టుకతోనో వ్యాధివలననో ఒక్క మూత్రపిండమే కలిగి, దానిలోనే గడ్డ పుట్టినవారి గతి. మొత్తము తీసినచో వారికి బ్రతుకంతయు యంత్రముపైననే. విధిలేక వైద్యులు గడ్డను మాత్రము కోయుట నేర్చుకొనిరి. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ఆండ్రూ నోవిక్కు అను వైద్యుడు ఇట్టివారికి అనేకులకు చికిత్స చేసి, ఏండ్ల తరబడి వారిని కనిపెట్టి చూచెను. చిన్న గడ్డ విషయమున, మొత్తము తీసినను, గడ్డను మాత్రము తీసినను, కేన్సరు తిరిగివచ్చుటలో చెప్పదగిన భేదము లేదని ఇట్టి అనుభవమువలననే తేలినది. విధిలేక చేసినది క్రమముగ విధి యైనది. 2009లో అమెరికాదేశపు మూత్రవ్యాధి వైద్యుల సంఘము, 4 సెంటీమీటర్ల లోపు గడ్డలకు సాధ్యమైనంతవఱకు మూత్రపిండమును నిలుపుటయే మేలని తన సూచనలలో చేర్చెను.

ఇచ్చట ఒక చిత్రము జరిగినది. 1990లో అమెరికాలోని సెయింటు లూయీ నగరమున రాల్ఫు క్లేమను అను వైద్యుడు, పొట్టపై చిన్న రంధ్రములు చేసి, వాని గుండ సన్నని పనిముట్లతో మూత్రపిండమును తీసివేసెను. రోగికి నొప్పి తక్కువ, గాయము చిన్నది. అది చూచి అనేకులు ఆ మార్గమునకే ఆకర్షితులైరి. రంధ్రములగుండ మొత్తము తీయుట సులభము. గడ్డను మాత్రము కోసి కుట్టుట మిక్కిలి కష్టము. అందువలన గాయమును చిన్నది చేయవలెనను ఉత్సాహములో, నిలుపదగిన మూత్రపిండములు కొన్ని పోయినవి. బయటి మచ్చను చూచి లోపలి నష్టమును మఱచుట వైద్యులకును కలదు.

ఇప్పుడు మీరు న్యాయముగ ఒక ప్రశ్న వేయవచ్చును. "తల్లి తన కుమారునకు ఒక మూత్రపిండము నిచ్చి సుఖముగ నున్నది. ఆమెకు లేని కష్టము ఈ రైతునకేల?" ప్రశ్న మంచిది. సమాధానము దాత యెవరన్నదానిలో కలదు. దానమునకు ముందు ఆ తల్లికి చక్కెరవ్యాధి లేదని, రక్తపుపోటు వలన చెఱుపు లేదని, రెండు మూత్రపిండములును బాగుగ పనిచేయుచున్నవని పరీక్షించి, అన్నియు సరిగా నున్నప్పుడే స్వీకరింతురు. గడ్డ వచ్చినవానిని ఎవరును ఎంచుకొనలేదు. అతడు సాధారణముగ 50, 60 ఏండ్లు దాటినవాడు. చక్కెరవ్యాధియో, రక్తపుపోటో, చాలకాలము పొగత్రాగిన యలవాటో ఉండుట అరుదు కాదు. కుంటు ఎద్దని ముందు చెప్పినది ఇందులకే.

దీనిని లెక్కలతో చూపినవారు న్యూయార్కు నగరమందలి స్లోను కెటెరింగు కేన్సరు వైద్యశాలవారు. 2006లో వారు 662 మంది రోగుల వృత్తాంతములను ప్రకటించిరి. అందఱకును గడ్డ 4 సెంటీమీటర్లలోపు. అందఱకును రెండు మూత్రపిండములు. నెత్తురులో క్రియాటినిన్ అను మలినము అందఱకును సరిగానే యున్నది. అయినను లోతుగ లెక్కించి చూడగా, శస్త్రచికిత్సకు ముందే నూటికి 26 మందికి మూత్రపిండముల శక్తి తగ్గియున్నది. అనగా నిమిషమునకు 60 మిల్లీలీటర్లు వడకట్టు శక్తి కూడ లేదు. క్రియాటినిన్ పరీక్ష ఒక్కటి చూచి "రెండవది బాగున్నది" అనుట ఎంత తప్పో దీనివలన తెలియును. శస్త్రచికిత్స తరువాత 3 సంవత్సరములకు, మునుపు సరిగానున్నవారిలో ఆ 60 గీతకు క్రిందికి దిగినవారు, గడ్డను మాత్రము తీసినవారిలో నూటికి 20 మంది. మొత్తము తీసినవారిలో నూటికి 65 మంది.

60 గీత దిగిన వెంటనే మనిషి పడిపోడు. కాని మూత్రపిండముల శక్తి తగ్గినకొలది గుండెజబ్బులు, పక్షవాతము అధికమగుచుండుట పరిశోధనలలో కనబడినది. మఱియు తగ్గినచో వారమునకు మూడుమారులు, ఒక్కొక్క మారు సుమారు నాలుగు గంటలు, డయాలిసిస్ యంత్రము ప్రక్కన పరుండవలసిన దినము వచ్చును. దానిని గూర్చి శ్రీకాకుళము జిల్లావారికి నేను చెప్పనక్కఱలేదు. ఉద్దానము ప్రాంతమున, కవిటి, సోంపేట, పలాస మొదలగు మండలములలో, గడ్డ యేమియు లేకయే, కారణము నిశ్చయముగ తెలియకయే, ఎందఱికో మూత్రపిండములు క్షీణించుచున్నవి. అట్టి గ్రామములోని మనుష్యునకు గడ్డ కనబడినచో, అతని రెండవ మూత్రపిండముపై నమ్మకము పెట్టుకొనుట ఎంత సాహసమో ఆలోచింపుడు.

ఇక శస్త్రచికిత్స జరుగు విధము. రోగికి పూర్తిగా మత్తుమందిచ్చి, ప్రక్కకు పరుండబెట్టుదురు. ప్రక్కటెముకల క్రింద కోతపెట్టియో, చిన్న రంధ్రములగుండనో మూత్రపిండమును చేరుదురు. పెద్ద పట్టణములలో కొన్ని వైద్యశాలలయందు మరచేతుల సహాయము కూడ కలదు. మరచేయి తనంతట తాను కోయునని కొందఱు భ్రమపడుదురు. అది నిజము గాదు. వైద్యుడు ప్రక్కనే ఒక పీఠముపై కూర్చుండి తన చేతులు కదల్చినట్లెల్ల అది కదలును, అంతియే. రంధ్రముల గుండ కుట్లు వేయు కష్టమును అది చాలవఱకు తగ్గించినది. కోత పెద్దదా చిన్నదా యన్నది రెండవ ప్రశ్న; లోపల నిలిచినదెంత యన్నది మొదటి ప్రశ్న.

మూత్రపిండము కనబడిన తరువాత దానిపైనున్న కొవ్వును తొలగించి, గడ్డ అంచును గుర్తింతురు. గడ్డ పూర్తిగా లోపల దాగియున్నచో, అల్ట్రాసౌండు పనిముట్టును మూత్రపిండముపైననే ఆనించి చూతురు. పిమ్మట మూత్రపిండమునకు నెత్తురు తెచ్చు ధమనిని చిన్న పట్టుకారుతో బిగింతురు. కాలువ తూము మూసి గండి పూడ్చినట్లనుకొనుడు. తూము మూసిననే గాని గండిలో పని జరుగదు. ఎక్కువసేపు మూసినచో పైరు ఎండును. వెచ్చని శరీరములో నెత్తురు లేక మూత్రపిండము 20, 25 నిమిషములు ఓర్చుకొనును. అటుపై గడచు ప్రతి నిమిషమును కొన్ని నెఫ్రానులకు ప్రాణాంతకము. అందుచేత పట్టుకారు బిగించిన క్షణమునుండి గదిలో ఒకరు గడియారము చూచి నిమిషములు బిగ్గరగ చెప్పుచుందురు. పని ఎక్కువసేపు పట్టునని ముందే తోచినచో, మూత్రపిండముచుట్టు నలిపిన మంచు కప్పి చల్లబఱతురు. చల్లబడిన కండకు ఆకలి తక్కువ గనుక ఇంకను కొంత గడువు దొరకును.

ఆ గడువులో జరుగవలసిన పనులు మూడు. గడ్డను చుట్టునున్న ఆరోగ్యమైన కండతో కలిపి కోయుట; కోసినచోట తెఱచుకొన్న నెత్తురునాళములను, మూత్రమార్గమును సన్నని దారముతో కుట్టుట; ఆపైన మూత్రపిండపు రెండు అంచులను దగ్గఱకు తెచ్చి మూయుట. చుట్టు ఒక సెంటీమీటరు మేర మంచి కండను కూడ తీయవలెనని పూర్వము చెప్పెడివారు. అంత అక్కఱలేదని, గడ్డ అంచు తెగక పలుచని పొర వచ్చినచో చాలునని తరువాతి అనుభవమున తేలినది. పట్టుకారు విడిచినప్పుడు తెల్లబడియున్న మూత్రపిండము మఱల ఎఱ్ఱబడును. శస్త్రవైద్యుని మనస్సు కుదుటబడునది అప్పుడే.

ఈ పనిలో అపాయము లేదనుట సత్యము గాదు. మొత్తము తీసినదానికన్న గడ్డను మాత్రము తీయునప్పుడే చిక్కులు ఎక్కువ. కుట్లనుండి నెత్తురు కారవచ్చును. కొందఱికి పది పదునైదు దినముల తరువాత, ఇంటికి వచ్చినపిమ్మట, మూత్రములో ఎఱ్ఱని నెత్తురు హఠాత్తుగ పడును. లోపల ధమనికి చిన్న బుగ్గ కట్టి పగులుటవలన ఇట్లగును. అప్పుడు ఒక్క గడియయైనను ఆలసింపక శస్త్రచికిత్స చేసిన వైద్యశాలకే తీసికొనిపోవలెను. తొడలోని ధమనిగుండ సన్నని గొట్టము పంపి, ఆ కారుచోటును మూసివేయుదురు. మఱికొందఱికి కుట్లసందున మూత్రము ఊరును. లోపల ఒక గొట్టము కొన్ని వారములు ఉంచినచో చాలవఱకు మానిపోవును.

మఱియొక నిజమును దాచరాదు. ఐరోపాదేశముల వైద్యులు 1992 మొదలు 2003 వఱకు 541 మంది రోగులను చీట్లు వేసి పంచినట్లు రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు మొత్తము, రెండవ జట్టునకు గడ్డను మాత్రము తీసిరి. గడ్డలు 5 సెంటీమీటర్లలోపువి. 2011లో ఫలితములు ప్రకటింపబడినవి. మూత్రపిండమును నిలిపినవారే ఎక్కువకాలము బ్రతుకుదురని అందఱును ఎదురుచూచిరి. అట్లు కాలేదు. పదేండ్లకు మొత్తము తీసినవారిలో నూటికి 81 మంది, నిలిపినవారిలో నూటికి 76 మంది జీవించియుండిరి. మరణించిన 117 మందిలో మూత్రపిండపు కేన్సరు చేత పోయినవారు 12 మంది మాత్రమే. మూత్రపిండముల శక్తి మాత్రము అనుకొన్నట్లే నిలిపినవారిలో మెఱుగు. ఆ 60 గీత దిగినవారు వారిలో నూటికి 65 మంది కాగా, రెండవ జట్టులో 86 మంది. తలచినంతమంది చేరక ఆ పరిశీలన మధ్యలోనే ఆగినది గనుక, దానిపై వాదములు నేటికిని ఉన్నవి.

నాకు దానివలన తోచునది ఇది. రెండవ మూత్రపిండము నిజముగ ఆరోగ్యముగ నుండి, చక్కెరవ్యాధియు రక్తపుపోటును లేనివానికి, చిక్కైనచోట గడ్డ యున్నందున మొత్తము తీయవలసివచ్చినచో, అది ప్రళయము గాదు. వ్యాధివలన క్షీణించుచు పోవు శక్తి వేఱు, ఒకమారు కత్తితో తగ్గి అచ్చట నిలుచు శక్తి వేఱు. కాని ఒక్క మూత్రపిండమే ఉన్నవానికి, రెండింటిలోను గడ్డలున్నవానికి, చక్కెరవ్యాధి యున్నవానికి, మూత్రములో ప్రోటీను పోవుచున్నవానికి, గడ్డలు వంశమున వచ్చు కుటుంబమువానికి, నిలుపుటకు చేయదగిన ప్రయత్నమంతయు చేయవలెను. చిన్నవయసువానికిని అంతే, ముందున్న 40 ఏండ్లలో ఏ వ్యాధి వచ్చునో ఎవరు చెప్పగలరు?

నిలుపరాని సందర్భములు కూడ కలవు. గడ్డ పెద్దదై మూత్రపిండమును చాలవఱకు ఆక్రమించినప్పుడు, పెద్ద సిరలోనికి ప్రాకినప్పుడు, కోసినపిమ్మట మిగులునది పనికిరాని ముక్క యైనప్పుడు, మొత్తము తీయుటయే మేలు. 4 నుండి 7 సెంటీమీటర్ల గడ్డలలో నేర్పరియైన వైద్యుడు కొన్నిటిని నిలుపగలడు, కొన్నిటిని నిలుపలేడు. అది గడ్డ యున్నచోటునుబట్టి యుండును. మూత్రపిండపు అంచున బయటకు పొడుచుకొనివచ్చిన గడ్డ సులభము. నడుమ నాళముల గుంపులో కూర్చున్న గడ్డ చిన్నదైనను కష్టము.

ఇక వృద్ధుల మాట. 80 ఏండ్లవానికి, గుండె బలహీనముగ నున్నవానికి, 2 సెంటీమీటర్ల గడ్డ కనబడినచో, కత్తి పట్టకపోవుటయు ఒక చికిత్సయే. చిన్న గడ్డలు సగటున సంవత్సరమునకు 3 మిల్లీమీటర్లు పెరుగుచున్నవని, కనిపెట్టుచున్న కాలములో ఇతర అవయవములకు ప్రాకినవి నూటికి రెండు మాత్రమేనని పలుచోట్ల లెక్కలు కూర్చి చూచిరి. ఆఱు నెలలకో సంవత్సరమునకో స్కాను తీయించుచు, త్వరగ పెరిగినచో అప్పుడు చికిత్స చేయవచ్చును. సూదివంటి కడ్డీని గడ్డలోనికి గ్రుచ్చి, వేడిచేతనో అతిశీతలముచేతనో దానిని చంపు పద్ధతియు కలదు. అది చిన్న గడ్డలకు, శస్త్రచికిత్సకు తాళలేనివారికి ఉపయోగించును. ఏ జాతి గడ్డయో సందేహమైనప్పుడు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షింతురు. సూది గ్రుచ్చినచో కేన్సరు ఒడలంతయు ప్రాకునను భయము మన ఊళ్లలో చాల కలదు. ఈ గడ్డ విషయమున అట్లు జరుగుట మిక్కిలి అరుదు.

కాబట్టి ఆ కుమారుడు కాగితముతో మీయొద్దకు వచ్చినప్పుడు, తీయించుమనియో మానుమనియో చెప్పుటకు ముందు, వైద్యుని కొన్ని ప్రశ్నలు అడిగిరమ్మని పంపుడు. గడ్డ కొలత ఎంత, అంచున నున్నదా, నడుమ నున్నదా? రెండవ మూత్రపిండము శక్తి ఎంత. క్రియాటినిన్ మాత్రమేగాక, వడకట్టు శక్తిని లెక్కించినారా, మూత్రములో ప్రోటీను చూచినారా? గడ్డను మాత్రము తీయ వీలగునా, వీలు కానిచో కారణమేమి? ఇట్టి చికిత్స మీరు తఱచుగ చేయుదురా, లేక చేయువారి యొద్దకు పంపుదురా? ఈ కడపటి ప్రశ్న అడుగుటకు మనవారు సంకోచింతురు, డాక్టరుగారికి కోపము వచ్చునని. మంచి వైద్యునకు కోపము రాదు. తొందర యంతగా లేదనియు చెప్పుడు. చిన్న గడ్డకు మఱియొక వైద్యుని అభిప్రాయము తీసికొనుటకు రెండుమూడు వారములు పట్టినను నష్టము లేదు. అట్లని ఆరునెలలు నాటుమందులు మ్రింగుచు కూర్చుండరాదు. కొన్ని పసరుమందులు, భస్మములు మూత్రపిండములకే హాని చేయును.

శస్త్రచికిత్స పిమ్మట నాలుగైదు దినములలో ఇంటికి పంపుదురు. ఒకటిన్నర నెలవఱకు బస్తాలు మోయుట, నాగలి పట్టుట, చెట్లెక్కుట కూడదు. ఉప్పు తగ్గింపవలెను, పొగాకు పూర్తిగా మానవలెను. అన్నిటికన్న ముఖ్యము: నడుమునొప్పికి, మోకాళ్ల నొప్పికి దుకాణములో అడిగి కొనుక్కొను నొప్పిబిళ్లలు ఇకపై ముట్టరాదు. కష్టపడి నిలిపిన నెఫ్రానులను ఆ బిళ్లలు చప్పుడు లేకుండ తినివేయును. ఏ వైద్యునియొద్దకు ఏ జబ్బుకు పోయినను, "నాకు మూత్రపిండమునకు కోత జరిగినది" అని ముందుగ చెప్పవలెను. కొన్నేండ్లపాటు గడువు తప్పక నెత్తురు, మూత్రము, స్కాను పరీక్షలు చేయించుచుండవలెను. మొదటి స్కాను ఫిలుములను, గడ్డను పరీక్షించిన కాగితమును అటకమీద పడవేయక, భూమి పత్రములతోపాటు పెట్టెలో భద్రపఱచవలెను. ఐదేండ్ల తరువాత క్రొత్త వైద్యుడు కుట్టినచోట మచ్చను చూచి అది పాతదా క్రొత్తదా యని సందేహించినప్పుడు, ఆ ఫిలుములే సమాధానము చెప్పగలవు.